క్లాసులు లేని ఏడాది

మంచాన పడిన అత్తగారి కింద దుప్పటి మారుస్తుండగా ఆడపడుచు ఫోన్ చేసింది.

"నీకేం వదినా, ఏడాదంతా ఇంట్లోనే హాయిగా! పెట్టి పుట్టావు."

ఆమె ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, అత్తగారిని మెల్లగా పక్కకు తిప్పింది.

ఆ ఏడాదిని యూనివర్సిటీ ఇచ్చింది, ప్రజావ్యవహారాల మీద పరిశోధన చేయమని. ఫెలోషిప్ వచ్చిన అధ్యాపకులకు పాఠాల బాధ్యత ఉండదు. నీళ్ల ట్యాంకర్ దగ్గర గొంతు చించుకునే ఆడవాళ్లు, అవే నీళ్ల గురించి వార్డు సభ పెడితే ఎందుకు నోరు మెదపరు? ఇది ఆమె తేల్చవలసిన ప్రశ్న. అందుకు సభల్లో కూర్చోవాలి, ఆ ఆడవాళ్ల వెంట వాళ్ల ఇళ్లకు వెళ్లాలి. ఫెలోషిప్ సంగతి విని భర్త నిజంగానే సంతోషించాడు. "క్లాసులు లేవంటే ఖాళీయేగా! ఇంక అమ్మకి ఆయమ్మ దేనికి? ఎంతైనా పరాయి చెయ్యి పరాయి చెయ్యే" అన్నాడు. నెల తిరక్కుండా ఆయమ్మను మాన్పించాడు. పరిశోధన మాటెత్తితే, "చదువుకోడమేగా, ఎక్కడ కూర్చుంటే ఏం?" అనేవాడు. సభ ఉందని చీర మార్చుకుంటే అత్తగారు మంచం మీదనుంచే, "నీ వార్డు ఎక్కడికీ పారిపోదులేవే, ముందు నా నడుం సంగతి చూడు" అనేది. ఆమె మళ్లీ పాత చీర కట్టుకునేది.

ఆ మధ్యాహ్నం శాఖాధిపతి కూడా ఫోన్ చేశాడు. "ఒక్క సభకూ వెళ్లలేదటగా మేడమ్. సమీక్షలో ఏదో ఒకటి చూపించకపోతే ఫెలోషిప్ ఇంకొకరికి ఇచ్చేస్తారు. నా చేతుల్లో ఏం లేదు."

ఫోన్ పెట్టేశాక ఆమె వంటగదిలో నిలబడిపోయింది. తన అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇంకో రెండు రోజులుంటానని ఇదే భర్తను అడిగింది. "అక్కడ కూర్చుంటే క్లాసులెవరు చెప్తారు? పిల్లల చదువులు కదా, తప్పు" అన్నాడు. ఆమె తిరిగి వచ్చింది. క్లాసులో హాజరు పిలుస్తుండగా అమ్మ పోయిందని కబురు అందింది. మిగిలిన పేర్లు కూడా పిలిచాకే బయటకు నడిచింది. ఈ ఇంట్లో ఆమె ఏడుపుకీ, అమ్మ చావుకీ లేని బరువు 'క్లాసులు' అన్న ఆ ఒక్క మాటకి ఉంది.

రాత్రి అన్నం వడ్డిస్తూ, "సోమవారం నుంచి నాకు క్లాసులు వేశారు" అంది. పెళ్లయ్యాక అతనితో ఆడిన మొదటి అబద్ధం అది.

"అదేంటి, ఏడాది దాకా లేవన్నావుగా?"

"వేశారు."

"సర్లే, క్లాసులంటే తప్పేదేముంది" అంటూ అతను ఎడమచేత్తో ఫోన్ తీసి ఆయమ్మ నంబర్ వెతికాడు.

ఏం పాఠమని అడిగితే చెప్పడానికి ఒకటి సిద్ధం చేసి పెట్టుకుంది. అతను అడగలేదు. ఇన్నేళ్లలో ఎన్నడూ అడగలేదు.