ఎముకలు తోమే పురుగులు

ఆ మ్యూజియంలో ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ లేరు. చేరిన కొత్తలో ఎముకల మాస్టారు ఒకసారి "జాగ్రత్తమ్మా, ఇలా రా" అన్నారు. అంతే, ఆ రోజు నుంచి గేటు దగ్గర కాపలా తాతతో సహా అందరికీ ఆమె జాగ్రత్తమ్మే. ఆ పేరు ఊరికే రాలేదు. బియ్యం మూడుసార్లు ఏరుతుంది. పిండి రెండుసార్లు జల్లిస్తుంది. పాలగ్లాసును వెలుతురుకి ఎత్తి చూసి గాని నాలుగేళ్ల కూతురికి ఇవ్వదు. పాప తుమ్మితే చాలు, "అయ్యో, డాక్టర్ని ఇంటికే రప్పించమంటావా?" అని అత్తగారు వెక్కిరిస్తుంది. ఆమె మాత్రం ఏం చేస్తుంది? ఎనిమిదో తరగతి మధ్యలో చదువు ఆగిపోయింది. తనకు తెలియనిదేదో తలుపు వెనక నక్కి ఉండి బిడ్డ మీద పడుతుందని లోలోపల బెదురు. తెలిసినవాళ్లు నిశ్చింతగా నిద్రపోతారని ఆమె నమ్మకం.

ఊడ్చి తుడిచే పనికి చేరిన ఆరు నెలలకు మాస్టారు ఆమెను పెరటి వైపున్న చిన్న గదిలోకి తీసుకెళ్లారు. కిటికీలు లేని గది, వెచ్చగా ఉంది. ఎండుచేపల బుట్ట మూత తీసినట్టు వాసన. గాజు తొట్టెలో ఒక పిట్ట కళేబరం, దాని నిండా కుప్పలుగా పురుగులు. ఇంట్లో పురుగు కనిపిస్తే చెయ్యి దేనికోసం వెళుతుందో అక్కడా దానికోసమే వెళ్లింది. తన బకెట్లో ఉన్న పురుగుల మందు డబ్బా ఎత్తింది. మాస్టారు ఆమె మణికట్టు పట్టుకుని ఆపారు.

"వాళ్లు మన స్టాఫమ్మా. నాకంటే సీనియర్లు" అన్నారు.

తర్వాత ఆయన కూర్చుని చెప్పారు, ఆమె నిలబడి వింది. మ్యూజియంలో ఒక పిట్ట అస్థిపంజరం పెట్టాలంటే మాంసం తియ్యాలి. కత్తితో గీకితే సన్నటి ఎముకలు విరుగుతాయి, ఉడకబెడితే పెళుసెక్కుతాయి. ఈ పురుగులకు వదిలేస్తే ఎండిన మాంసం మాత్రం తిని, ఎముకను ఎక్కడిదక్కడ ఉంచేస్తాయి. బతికున్న దేన్నీ ముట్టవు. పిచ్చుకంత పిట్టయితే రెండు రోజుల పని. మనిషి చెయ్యి దూరని చోట్లన్నీ వాటికి రాజమార్గాలే.

రెండు రోజుల తర్వాత ఆమె వెళ్లి చూసేసరికి, మాడిన గిన్నె తోమితోమి మెరిపించినట్టు తెల్లటి ఎముకలు. గిన్నెలు తోమడంలో తనను మించినవాళ్లు లేరనుకునేది పాపం.

అప్పటినుంచి తొట్టెకు తిండి పెట్టడం, తేమ తగ్గితే నీళ్లు చిలకరించడం, తయారైన ఎముకలు ఏరి పెట్టెలో పెట్టడం ఆమె పనులయ్యాయి. ఆ ఏరడంలో ఎన్ని వింతలో. పక్షి కంటిలోనూ ఎముకలుంటాయి. నల్లగుడ్డు చుట్టూ ఉంగరంలా, పొలుసుల్లాంటి చిట్టి ఎముకలు. వడ్రంగిపిట్ట నాలుక ఎముక నోట్లో మొదలై, పుర్రె వెనక నుంచి చుట్టుకుని నుదుటి దాకా వస్తుంది. "నాలుకని తలపాగాలా చుట్టుకుందన్నమాట" అని ఆమె అంటే మాస్టారు గట్టిగా నవ్వి, ఆ మాట తన నోటుబుక్కులో రాసుకున్నారు. జీవితంలో ఆమె అన్న మాట ఒకరు రాసుకోవడం అదే మొదలు.

ఏదడిగినా ఆయన విసుక్కోరు. తెలియకపోతే తెలియదంటారు, మర్నాడు పుస్తకం తెచ్చి చూపిస్తారు. అడిగితే చెప్పే మనిషి దొరకడం ఆమెకు ఆ ఉద్యోగంలో జీతం కంటే పెద్ద సంగతి. ఇంటికెళ్లి భోజనాల దగ్గర ఇవన్నీ వర్ణించేది. పాప కళ్లు చక్రాల్లా తిప్పుకుంటూ వినేది. అత్తగారు మాత్రం కంచం తీసుకుని వసారాలోకి వెళ్లిపోయేది.

అయితే ఈ పురుగుల సిబ్బందితో ఒక తిరకాసు ఉంది. పెరటి గదిలో ఉంటే పనివాళ్లు, గడప దాటితే దొంగలు. పక్షుల హాల్లో రెండు వందల ఏళ్లుగా పోగుచేసిన పిట్టలున్నాయి. లోపల దూది కూరి, ఈకలతో సహా సొరుగుల్లో పడుకోబెట్టినవి. అవి కూడా ఎండిన చర్మమే కదా. ఎడమవైపు బీరువాల్లోని పాత పిట్టలకు ఆ రోజుల్లో పాషాణం కలిపిన సబ్బు పూశారు. విషం గనుక పురుగు జోలికి పోదు. ఈ సంగతి తెలిసిన రోజున జాగ్రత్తమ్మ పాపను ముట్టుకునే ముందు ఏడుసార్లు చేతులు కడుక్కుంది. మనుషులకు ప్రమాదమని తర్వాత ఆ సబ్బు మానేశారు. కుడివైపు బీరువాల్లోవన్నీ ఆ తర్వాతి పిట్టలు. వాటికి ఏ కాపలా లేదు, మనుషుల జాగ్రత్త తప్ప.

అందుకే మాస్టారు పెట్టిన నియమం ఒక్కటే. పెరటి గదిలో వేసుకున్న తెల్ల కోటు ఆ గదిలోనే విప్పాలి, ఒళ్లంతా బ్రష్షుతో దులుపుకోవాలి, ఆ రోజిక పక్షుల హాలు తొక్కకూడదు. చీమంత పురుగు చాలు, కంచే చేను మేసినట్టవుతుంది.

మూడేళ్లలో జాగ్రత్తమ్మ ఆ నియమం ఒక్కసారే తప్పింది. ఆ రోజు తొట్టెలో ఎముకలు ఏరుతుండగా పాప బడి నుంచి ఫోన్. పిల్ల ముక్కులో పూస పెట్టుకుందట, రావడం లేదట. అంతే, ఆమెకు కోటూ గుర్తు లేదు, బ్రష్షూ గుర్తు లేదు. పెరడు చుట్టి వెళితే పది నిమిషాలు, హాల్లోంచి అడ్డంగా వెళితే రెండు. అడ్డంగానే పరుగెత్తింది. కుడివైపు బీరువాల మధ్య కాలు జారి, పదకొండో నంబరు బీరువా పట్టుకుని నిలదొక్కుకుంది కూడా. ఆమె వెళ్లేసరికి టీచరమ్మ పిల్లకు మిరియాలు వాసన చూపిస్తే తుమ్ముతో పాటు పూస బయటికి వచ్చేసి ఉంది. పాప దాన్ని దాచుకుంటానని గొడవ చేస్తోంది. మర్నాడు కోటు ఉతికి తెచ్చి మేకుకి తగిలించింది. ఎవరికీ చెప్పలేదు. ఏమీ కాలేదు కదా అనుకుంది.

ఏడు వారాలు గడిచాయి. ఒకరోజు ఉదయం హాలు ఊడుస్తుంటే పదకొండో బీరువా కింద చీపురుకు ఏదో తగిలింది. వడ్లపొట్టంత ఉంది. ఇంకొకరైతే చెత్తలోకి నెట్టేసేవారు. బియ్యంలో రాయినీ పురుగునూ వేరుచేసే కళ్లు గనుక ఆమె వంగి చూసింది. గోధుమరంగు, చుట్టూ సన్నటి నూగు, లోపల డొల్ల. పిల్లపురుగు ఎదుగుతూ వదిలేసిన కుబుసం. పెరటి గదిలో ఇలాంటివి దోసిళ్ల కొద్దీ ఎత్తి పారేసింది ఆమే.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె చెయ్యి దానంతటదే వంటి మీది చీరను దులపసాగింది.

కుబుసాన్ని కాగితంలో మడిచి వెళ్లి మెట్ల మీద కూర్చుంది. చెబితే ఏమవుతుందో తెలుసు. కోపిష్ఠి సూపర్‌వైజరు పోయినేడాది తలుపు తాళం మరిచిన మనిషినే ఇంటికి పంపేశాడు. ఉద్యోగం ఇంకోటి దొరక్కపోదు, ఎక్కడైనా ఊడవచ్చు. కానీ వడ్రంగిపిట్ట నాలుక గురించి ఎవరినడగాలి? చెప్పకపోతే తప్పు ఎవరిదో ఎప్పటికీ తేలదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. సొరుగుల తనిఖీకి ఇంకా మూడు నెలలు ఉంది, అప్పటికి ఎవరి మీద అనుమానం వస్తుందో ఏమో.

మూడు నెలలు అనుకోగానే ఆమెకు మాస్టారు చెప్పిన లెక్క గుర్తొచ్చింది. రెండు రోజుల్లో ఒక పిట్ట. ఎంత మురిసిపోయింది ఆ లెక్క విని! పాపకు వేళ్ల మీద లెక్కపెట్టి మరీ చూపించింది. అవి ఎంత చక్కటి పనివాళ్లో ఈ భవనంలో మాస్టారి తర్వాత తనకే తెలుసు. ఈ మెట్ల మీద తను కూర్చున్నంత సేపూ అవి కూర్చోవు.

లేచి వెళ్లింది.

మాస్టారు భూతద్దం పెట్టుకుని ఏదో వెన్నుపూస చూస్తున్నారు. కాగితం విప్పి ఆయన ముందు పెట్టింది.

"పదకొండో బీరువా కింద దొరికింది మాస్టారూ. నావల్లే వచ్చింది. ఆ రోజు పాప ముక్కులో పూస ఇరుక్కుందంటే కోటుతోనే హాల్లోంచి పరుగెత్తాను."

ఆయన భూతద్దం దించలేదు. "ఏ రోజు?"

"ఏడు వారాలైంది."

"ఏడు వారాలు" అని ఆయన తనలో తాను లెక్క కట్టుకున్నారు. "గుడ్డు పెట్టి, పిల్లయి, పెద్దదవడానికి సరిగ్గా సరిపోతుంది. పద."

మూడో సొరుగులో కనిపించింది. ఒక పిట్ట కింద పిండి జల్లించినట్టు సన్నటి పొడి, కాళ్ల దగ్గర ఈకలు రాలి ఉన్నాయి, ఒక పాదం లేదు. రెండో పిట్ట మెడ దగ్గర నాలుగు పిల్లపురుగులు నిశ్చింతగా పనిచేసుకుంటున్నాయి. జాగ్రత్తమ్మకు ఏడుపొచ్చింది. మాస్టారు ఓదార్చలేదు. ఆ సొరుగులోని పన్నెండు పిట్టల్నీ సంచుల్లో కట్టించి డీప్ ఫ్రీజర్లో పెట్టించారు. రెండు వారాల గడ్డకట్టే చలికి గుడ్డుతో సహా ఏదీ బతకదు.

సూపర్‌వైజరు వచ్చి అరవాల్సినంతా అరిచాడు. ఈవిడను ఇవాళే పంపించెయ్యాలన్నాడు. మాస్టారు అంతా విని, నియమం తప్పింది గనుక ఇకపై పెరటి గది తాళంచెవి ఆమెకు ఇవ్వనని చెప్పారు. అంతవరకూ తలవంచుకుని ఉన్న ఆమెకు ఆ మాటే చురుక్కుమని తగిలింది. ఆ తర్వాత ఆయన కాగితంలోని కుబుసాన్ని సూపర్‌వైజరు అరచేతిలో వేశారు.

"మీరూ నేనూ రోజూ ఆ బీరువా పక్కనుంచే నడుస్తాం కదండీ. మనకెందుకు కనపళ్లేదో చెప్పండి, ఆవిణ్ణి పంపించేద్దాం."

సూపర్‌వైజరు ఆ పొట్టును ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు చెయ్యి చాచుకుని నిలబడి, చివరికి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

మాస్టారు పెద్ద రిజిస్టరు తెరిచి పెన్ను ఆమె వైపు తిప్పారు. చూసినవాళ్లే రాయాలి, అది ఇక్కడి పద్ధతి, వందేళ్ల తర్వాత చదివేవాడికి ఏ సొరుగుకు ఏమైందో తెలియాలి అన్నారు. ఆమె చెయ్యి చీరకు తుడుచుకుంది. తారీఖు వేసింది. బీరువా నంబరు, సొరుగు, పిట్టలెన్ని, పురుగులెన్ని రాసింది. ఎలా వచ్చిందన్న గడి దగ్గర ఆగింది. అక్కడ ఎవరి పేరూ రాయనక్కర్లేదు, పురుగు చేరింది అంటే చాలు. ఆమె మాత్రం 'నా కోటుతో వచ్చింది' అని రాసి, సొంత పేరుతో సంతకం చేసింది. మాస్టారు చదివి, కింద తన సంతకం పెట్టి, అక్షరాలు ఆరేదాకా రిజిస్టరు మూయకుండా ఉంచారు.

"కుడివైపు ఇంకా నలభై సొరుగులున్నాయి. కళ్లు నీవి, పేర్లు నేను చెబుతాను" అని ఒక టార్చీ, చేతి తొడుగులూ ఇచ్చారు.

నాలుగో సొరుగు లాగారు. కొడవళ్లలాంటి రెక్కలున్న చిన్న నల్లపిట్టలు వరసగా పడుకుని ఉన్నాయి. ఒకదాన్ని ఆమె రెండు చేతుల్లోకి తీసుకుంది. కాగితపు ఉండంత కూడా బరువు లేదు. మెడ కింద, రెక్క మడతలో, తోక మొదట్లో టార్చీ వేసి ఓపిగ్గా వెతికింది. శుభ్రంగా ఉంది. ఇది గూటిని వదిలి ఎగిరితే పది నెలల పాటు నేల మీద వాలకుండా ఉండగలదని, తినడం తాగడం అన్నీ గాల్లోనేనని మాస్టారు చెప్పారు.

ఆమె వెలుగును పిట్ట మీదే ఉంచి, తల తిప్పి అడిగింది.

"మరి నిద్ర, మాస్టారూ?"