ట్రిప్ షీట్‌లో శాంతి

జూన్ నుంచి నవంబరు దాకా మా శాంతి బడిలో పోగొట్టినవి ఇవీ: నాలుగు నీళ్ల సీసాలు, రెండు టిఫిన్ డబ్బా మూతలు, ఒక గొడుగు, సోషల్ నోటుబుక్కు మూడుసార్లు, ఎడమకాలి బూటు ఒకటి. డబ్బాలు మాత్రం క్షేమంగా ఇంటికి చేరాయి. ఒంటి బూటు ఎలా పోతుందని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. "కుడిది ఉన్నాది కదమ్మా" అని అది నన్నే ఓదార్చింది.

ఆ పేరు మా అత్తగారు పెట్టింది. ఆరాధన చివర పాస్టరు గారు "మీకు శాంతి కలుగును గాక" అన్నప్పుడల్లా వెనక బెంచీవాళ్లు మా తల్లీకూతుళ్ల వైపు జాలిగా చూస్తారు.

ఐదో తరగతికి వచ్చేసరికి ఇది అల్లరి కాదు, మరేదో అని నాకు తోచింది. విశాఖపట్నం తీసుకెళ్లాను. పిల్లల డాక్టరమ్మ గంటన్నర దాంతో ఆడి, మాట్లాడి, బొమ్మలు వేయించి, చివరికి నాతో చెప్పింది. "దీన్ని ఏడీహెచ్‌డీ అంటారమ్మా. తెలివికి లోటు లేదు. అన్నీ ఒకేసారి తలలోకి తోసుకొస్తాయి, ఏది ముందో ఏది వెనకో సర్దుకోలేదు. పొగరు కాదు, బద్ధకం కాదు, మీ పెంపకం తప్పూ కాదు." ఆ ఆఖరి ముక్క రెండోసారి చెప్పించుకున్నాను, మా ఆడపడుచుకి అప్పజెప్పడానికి.

బడికి ఒక ఉత్తరం కూడా రాసిచ్చింది. ముందు బెంచీలో కూర్చోబెట్టండి. హోంవర్కు నోటితో చెప్పి వదిలెయ్యక బోర్డు మీద రాయండి. పరీక్షలో కాస్త ఎక్కువ సమయం ఇవ్వండి. ధ్యాస తప్పినప్పుడు అరవకుండా బల్ల మీద తట్టండి. నాలుగంటే నాలుగే. ఒక్కదానికీ ఇటుకా సిమెంటూ అక్కర్లేదు. ఉత్తరం తీసుకెళ్లి క్లాస్ టీచరు శ్రావణి మిస్సు చేతిలో పెట్టాను. ఆవిడ మర్యాదగా తీసుకుని, మర్యాదగా బీరువాలో పెట్టేసింది.

ఆ తర్వాత డైరీ యుద్ధం మొదలైంది.

మిస్సు ఎర్ర పెన్నుతో రాసేది. దాని కింద తల్లిదండ్రుల సంతకం కోసం ఒక గీత ఉంటుంది. ఎరుపు మిస్సుది, నీలం పాపది, కాబట్టి నేను ఆకుపచ్చ పెన్ను కొనుక్కున్నాను.

"శాంతి కుదురుగా కూర్చోదు" అని మిస్సు.

"తెలుసును. డాక్టరు గారి ఉత్తరం, మొదటి అంశం" అని నేను.

"హోంవర్కు చెయ్యలేదు."

"ఏం చెయ్యాలో రాసుకోలేదు. రెండో అంశం."

"పీరియడంతా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది."

"కూర్చుందని తెలిసి సంతోషించాము."

అది కాస్త ఎక్కువైందని నాకూ తెలుసు. బీఎస్సీ బోటనీ చదివి, పదమూడేళ్లుగా కిరాణా చీటీ తప్ప మరేమీ రాయని మనిషిని. పెన్ను చేతికి దొరికేసరికి ఆగలేకపోయాను.

శుక్రవారం నాడు డైరీలో ఒక కాగితం మడిచి వచ్చింది. విప్పి చూస్తే టీసీ దరఖాస్తు. పాప పేరు, తరగతి, పుట్టిన తేదీ అన్నీ చక్కగా నింపేశారు. కారణం అన్నచోట "తల్లిదండ్రుల స్వంత కోరికపై" అని ఉంది. నాకు ఆ కోరిక ఉన్నట్టు నాకే ఆ పూట తెలిసింది. సంతకం చోటు మాత్రం నాకోసం ఖాళీగా ఉంచారు. కింద, సోమవారం పది గంటలకి కరస్పాండెంటు గారిని కలవమని.

ఆ కరస్పాండెంటు జగన్నాధం గారు. ఆయనకి పద్నాలుగు లారీలు, ఒక బడి. లారీల యార్డూ బడీ ఒకే గోడకి అటూ ఇటూ ఉంటాయి. మా సాలూరులో అది వింతేమీ కాదు. వింతేమిటంటే, గోడకి అటుపక్క లారీ ఆఫీసులో, ఏ బండిలో ఏ సరుకు ఎక్కడికో ట్రిప్ షీట్లు రాసే గుమాస్తా మా ఆయన బెన్హర్.

"సంతకం పెట్టీ లీలా" అన్నారు మా ఆయన, అన్నం కలుపుతూ. "గొడవెందుకు? ఇంకో బడి సూద్దాం."

"అక్కడికీ ఈ పిల్లనే తీసుకెళ్లాలి కదండీ. కొత్త బడికి కొత్త పిల్లని ఇవ్వరు."

"ఆయన దగ్గర పనిసేస్తన్నానే!"

"మీరు చేస్తన్నారు. పాప చెయ్యటం లేదు కదా."

ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నారు. జవాబు లేనప్పుడు ఆయనకి బాగా ఆకలేస్తుంది.

శాంతి గుమ్మంలో నిలబడి వింటోంది. ఒక జడ అల్లుకుంది, రెండోది సగంలో మర్చిపోయింది.

"నన్ను మధ్యలో దింపీస్తారా అమ్మా?" అంది.

లారీల ఊళ్లో పుట్టిన పిల్ల కదా, ఆ మాటే వచ్చింది.

"ఎవరూ దించరు."

"నాకు ఆ బడే కావాల. అక్కడ కూర్మయ్య తాతున్నాడు."

కూర్మయ్య బడి వాచ్‌మన్. పిల్లకి బడిలో దొరికిన ఒకే ఒక స్నేహితుడికి అరవై ఐదేళ్లని నాకప్పుడే తెలిసింది. మిగతా జడ అల్లుతూ, నేను సంతకం పెట్టనని నిశ్చయించుకున్నాను. అప్పటిదాకా నిశ్చయం కాలేదు, కోపమే.

శనివారం నెట్ సెంటరుకి వెళ్లి విద్యాహక్కు చట్టం అచ్చు తీయించుకున్నాను. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనీ బడి నుంచి తీసెయ్యకూడదని అందులో ఉంది. అప్పుడర్థమైంది నా కోరిక సంగతి. వాళ్లు తియ్యకూడదు, అందుకని మేమే ముచ్చటపడి వెళ్లిపోవాలి.

సోమవారం గేటు దగ్గర కూర్మయ్య లేచి నిలబడ్డాడు.

"పాపమ్మని పంపీస్తారంట గదమ్మా?"

"ఎవరు చెప్పారు తాతా?"

"గోడలు సెప్తాయి. మంచి పిల్లమ్మా. సంచీ మర్సిపోయి గేటు దాటీస్తాది, అంతే. అరిస్తే ఇనదు. దసరా ముందు నుంచీ నాను గేటు మీద ఒక్క దెబ్బేస్తన్నాను. డబ్! టక్కున ఎనక్కి తిరిగీస్తాది. ఎల్లి సంచీ తెచ్చుకుంతాది."

"అలా కొట్టమని నీకెవరు చెప్పారు?"

"ఒకలు సెప్పాలేటమ్మా? ముప్పయ్యేళ్లు లారీ ఎనకాల నిలబడ్డ కిలీనర్ని."

విశాఖపట్నంలో గంటన్నర కూర్చుని రాయించుకొచ్చిన నాలుగో అంశం, బీరువాలో పడి ఉన్నది, దసరా ముందు నుంచీ గేటు దగ్గర అమలవుతూనే ఉందన్నమాట.

ఆఫీసు గదిలో జగన్నాధం గారి ముందు డైరీ తెరిచి ఉంది. శ్రావణి మిస్సు ఒక పక్క, యార్డు నుంచి పిలిపించిన మా ఆయన ఇంకో పక్క నిలబడ్డారు. మా ఆయన చొక్కా జేబులో ట్రిప్ షీట్ల పుస్తకం, ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏటమ్మా ఈ పచ్చరాతలు?" అన్నారు జగన్నాధం గారు. "పచ్చసిరాతోటి గజిటెడ్ ఆఫీసర్లు రాస్తారు. నువ్వెక్కడాఫీసరువి?"

"శాంతి వరకు నేనేనండి గజిటెడ్."

మా ఆయన దగ్గారు. శ్రావణి మిస్సు కిటికీ వైపు తిరిగింది. నవ్విందని నా అనుమానం.

"సూడమ్మా, మీ ఆయన మంచోడు. ఆడి ముఖం సూసి సెప్తన్నాను. ఆ కాగితం మీద సంతకం పెట్టి పంపీ. గొడవుండదు."

చట్టం కాగితం బల్ల మీద పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివి, తిప్పి, వెనకవైపు కూడా చూశారు. అటు ఖాళీ.

"మేమేటీ తియ్యటం లేదే! మీరు ఎల్తన్నారు."

"మేం వెళ్లటం లేదండి."

"నలభై రెండు మంది పిల్లలమ్మా! ఒక్కద్దాని కోసం మిస్సు బల్లలు కొట్టుకుంటూ తిరగాలా?"

"నాకేం కోపం లేదు మేడమ్" అంది శ్రావణి మిస్సు నెమ్మదిగా. "ఒక్కదాన్ని, నలభై రెండు డైరీలు. అందులో మీ డైరీ ఒక్కటే జవాబు రాస్తుంది."

ఆ మాటకి నాకు కొంచెం సిగ్గేసింది. కొంచెమే.

"అసలు మాట సెప్తాను" అన్నారు జగన్నాధం గారు. "సొంతంగా సదవగలిగిన పిల్లలకే బడి. ఒకలు ఎనకాల నిలబడి తడతా ఉంటే గాని నడవదంటే, అదేటి సదువు?"

సరిగ్గా అప్పుడే గోడ అవతల యార్డులోకి ఒక లారీ వెనక్కి వస్తోంది. "రానీ... రానీ... రానీ..." అని క్లీనరు కేక. లారీ ఒంటి మీద అరచేత్తో ఒక్క దెబ్బ, డబ్! "హోల్డాన్!"

ఊళ్లో రోజుకి వందసార్లు వినేదే. ఆ రోజు మాత్రం దేవుడు నా తరఫున లారీ తోలించాడనిపించింది.

"సార్, ఆ డ్రైవరుకి బండి నడపడం రాదేటండి?"

"ఎందుకు రాదు? దేవేంద్ర ఆడు. పదకొండేళ్లనుంచి నా బండి మీదున్నాడు. రాయపూరు కళ్లు మూసుకుని ఎల్లొస్తాడు."

"మరి ఒకరు వెనకాల నిలబడి తట్టడమెందుకు?"

"ఎనకాల కనబడదు గదమ్మా!"

"మా పాపకీ అక్కడే కనబడదండి."

ఆయన చూపు యార్డు గోడ వైపు వెళ్లింది. జగన్నాధం గారు ముప్పయ్యేళ్ల కిందట సొంత బండి ఒక్కటీ తనే తోలినవాడని ఊరందరికీ తెలుసు.

గుమ్మంలో టీ గ్లాసులు పట్టుకుని కూర్మయ్య నిలబడ్డాడు. ఎప్పుడొచ్చాడో.

"సుంకి ఘాట్లో ఆయేడు మంచులో బండి ఎనక్కి తీసినప్పుడు, నాను తట్టకపోతే మనం లోయలోనే గదా మావా" అన్నాడు. వెంటనే నాలిక్కరుచుకున్నాడు. "బాబూ."

"నిన్నెవుడడిగాడ్రా?" అన్నారు జగన్నాధం గారు. గొంతులో కోపం సగమే ఉంది. టీ తీసుకుని తాగకుండా పట్టుకున్నారు. తర్వాత ఆయనలోని లారీల వ్యాపారి మళ్లీ లేచాడు.

"సరే. యాన్యువల్ పరీక్షల దాకా ఆ నాలుగూ సేసి సూద్దాం. ఆ కాగితం మీద మాత్రం సంతకం పెట్టి పంపీ. నా సొరుగులో ఉంటాది, అంతే."

"పెట్టనండి."

"ఉంచుతానంతేనమ్మా!"

"సంతకం సొరుగులో ఉంటే పిల్ల క్లాసులో ఉన్నట్టు కాదండి, గేటు దగ్గర ఉన్నట్టు. రోజూ తనకి ఆ కాగితమే కనబడతాది. పంపించమంటే పంపిస్తాను. ఖాళీగానే పంపిస్తాను."

ఆయన కుర్చీ వెనక్కి జరిపారు.

"బెన్హరూ, మీ ఆవిడకి సెప్పు."

నేను మా ఆయన వైపు చూడలేదు. చూస్తే ఆయన భయం నాకూ అంటుకుంటుందేమోనని. టీ గ్లాసు మీద ఈగ వాలింది, లేచింది, మళ్లీ వాలింది. జేబులోంచి ఏదో తీసిన చప్పుడు. తిరిగి చూద్దును కదా, మా ఆయన ట్రిప్ షీట్ల పుస్తకం బల్ల అంచున పెట్టి, కార్బన్ సర్ది, వంగి రాస్తున్నారు. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా ఉన్నాయి.

"మీరే అంటారు కదండి" అన్నారు తలెత్తకుండా, "ట్రిప్ షీట్లో రాయనిది బండిలో లేనట్టేనని. సొరుగులో కాగితం వొద్దండి. ఇది సేద్దాం."

చింపి ఆయన ముందు పెట్టారు. జగన్నాధం గారు పైకి చదివారు.

"సరుకు, శాంతి. ఎక్కడినుంచి, ఐదో తరగతి. ఎక్కడికి, పదో తరగతి." కళ్లజోడు మీదుగా చూశారు. "సట్టంలో ఎనిమిదే గదరా?"

"దారిలో దించితే సరుకు పాడవుతాదండి."

"జాగ్రత్తలు, నాలుగు." అవీ చదివారు. నాలుగోది మా ఆయన తన భాషలో రాశారు: ఒక దెబ్బ అంటే ఆగు, రెండు అంటే పోనీ. జగన్నాధం గారు ఖాళీగా ఉన్న గడి మీద వేలు పెట్టారు. "బరువు రాయలేదేట్రా?"

పదమూడేళ్లలో మా ఆయన గడి వదిలెయ్యడం అదే మొదటిసారట.

"ఇరవయ్యారు కేజీలు" అన్నాను నేను. "సంచీ కాకుండా. సంచీ ఉంటుందో ఉండదో చెప్పలేం."

ఆయన తనే ఇరవై ఆరు అని రాసి, ట్రిప్ షీట్ల మీద పెట్టే ఆ పొడుగాటి సంతకం పెట్టారు. ఒక కాపీ శ్రావణి మిస్సుకి ఇచ్చారు, ఒకటి నాకు.

"ఇంక ఎల్లమ్మా. ఆ పచ్చ పెన్ను మాత్రం పారీ."

"చూస్తానండి" అన్నాను.

బయటికొచ్చాక మా ఆయన యార్డు గోడ దాకా నాతో నడిచారు. అక్కడ ఆగి, "నా ఉద్యోగం ఉన్నట్టేనా?" అని నన్నే అడిగారు.

"బండి నంబరు గడి కూడా ఖాళీగానే వదిలీసారు. అది ఆయన చూడలేదు కాబట్టి ఉన్నట్టే."

ట్రిప్ షీట్ డైరీ అట్ట లోపల అంటించాను. మర్నాడు సాయంత్రం ఎర్ర పెన్నుతో ఇలా ఉంది: "ఈ రోజు బల్ల మీద పదకొండుసార్లు తట్టాను. తొమ్మిదిసార్లు వెనక్కి వచ్చింది." దాని కింద పచ్చ పెన్నుతో, "మిగతా రెండుసార్లు మాకూ రాదండి. కృతజ్ఞతలు" అని రాశాను. పెన్ను ఎందుకు పారేస్తాను, ఇంకా సగం సిరా ఉంది.

బుధవారం పొద్దున్న ఆ టీసీ దరఖాస్తుని, సంతకం చోటు ఖాళీగానే, మడిచి శాంతి చేతికిచ్చాను. ఇచ్చిన మాట కదా. "ఇది కరస్పాండెంటు గారికి ఇచ్చెయ్. జాగ్రత్త" అన్నాను.

సాయంత్రం గుమ్మంలో తల దించుకుని నిలబడింది. రెండు బూట్లూ ఉన్నాయి. సంచీ ఉంది. నీళ్ల సీసా కూడా ఉంది.

"అమ్మా, ఆ కాగితం... ఎక్కడో పోనాదమ్మా."

జూన్ నుంచి చూస్తే అది పోగొట్టిన వస్తువు కోసం నేను వెతక్కపోవడం అదే మొదలు. దగ్గరికి తీసుకుని, సగం ఊడిన జడ మళ్లీ అల్లాను.