అవతలి వంతు

పండ్లతోట ఆటలో కుడిచేయి ఓడిపోయేలా ఉంది. జమ్సుక్ పాచికను ఎడమచేతిలోకి మార్చుకుని గిలకరించి వేసింది. మూడు పడింది. ఎడమచేయి మూడు చెక్క పండ్లు కోసి తన బుట్టలో వేసుకుంది.

ఇళ్ళనుంచి తిరిగి వచ్చిన ప్రతి ఆటనూ క్రిములు చంపే మందులో తడిపిన గుడ్డతో తుడిచి, ఒకసారి పూర్తిగా ఆడి చూడాలన్నది పిల్లలకు ఆటలు అరువిచ్చే ఆ గ్రంథాలయంలో పద్ధతి. కాయలు లెక్క సరిపోయినా పాచిక మూలను ఏ పసివాడో కొరికి ఉండవచ్చు. పాలు ఒలికి అట్ట ఉబ్బి ఉండవచ్చు. ఆడితేనే తెలుస్తుంది. ఆటలన్నీ ఇద్దరికి తక్కువ కాకుండా ఆడేవి. ఆడి చూసే మనిషి మాత్రం ఒక్కతే. అందుకని ఆమె తన రెండు చేతులనూ ఇద్దరు మనుషులుగా చేసుకుంది. ఏ చేతి పక్షమూ వహించేది కాదు.

"ఇవాళ ఎవరిది పైచెయ్యి పెద్దమ్మగారూ?" అంటూ గ్రంథాలయం నడిపే బే అనే అమ్మాయి వచ్చింది. ముప్ఫై దాటని మనిషి, ఎప్పుడూ పరుగే.

"ఎడమది. కుడిదానికి పొగరెక్కువైంది, తగిన శాస్తి జరిగింది."

"ఆఖరి రోజైనా మీతో మీకే పోటీనా!" అని నవ్వేసి, ఆ మాట అనకుండా ఉండాల్సిందని తోచి, బే బార్లీ టీ గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

గుమ్మం దగ్గరి బల్లపై కొత్త త్రాసు ఉంది. వచ్చే ఏడాది నుంచి ఆడి చూడకుండా ఆట పెట్టెను తూస్తారు. బరువు సరిపోతే ఆట బాగున్నట్టే. వోంజు నగరంలో పెద్దవయసు వారికిచ్చే ఈ పని డిసెంబరుతో ముగుస్తుంది. ఏటా మళ్ళీ పిలిచేవారు. ఇక పిలవరు. జమ్సుక్‌కు అందుకు కోపం లేదు. వెళ్ళేలోగా ఎదుట ఒక మనిషి కూర్చుని ఉండగా ఒక్క ఆట ఆడాలని మాత్రం ఉంది. కుటుంబాలు ఆటలు తీసుకుపోయి ఇంట్లో ఆడుకుంటాయి. ఈ వయసులో నాతో ఆడతారా అని అడగడానికి ఆమెకు నోరు రాలేదు.

బొగ్గుగనుల ఊళ్ళో పుట్టింది. కొత్త సంవత్సరం పండుగకు తమ్ముళ్ళు చాప మీద కర్రపుల్లలు ఎగరేసి ఆడుతుంటే, ఆమె వంటింట్లో గుమ్మడికాయ అట్లు కాలుస్తూ ఆ కేకలు వినేది. తర్వాత కుట్టుమిషను ముందు చాలా ఏళ్ళు. భర్త పోయాడు, పిల్లలు కలగలేదు. ఆట అంటే ఆమెకు పక్కగదిలోంచి వచ్చే చప్పుడు.

మధ్యాహ్నం మంచు కలిసిన వాన మొదలైంది. ఆట తిరిగివ్వడానికి వచ్చిన తల్లీకూతుళ్ళు చిక్కుబడిపోయారు. తల్లి కిటికీ దగ్గర నిలబడి ఫోనులో, "కారు తీసుకుని త్వరగా రా" అని భర్తను తొందరపెడుతోంది. కూతురు దాన్‌బీ మేజోళ్ళతో, అడుగున వేడి పెట్టిన వెచ్చని నేల మీద జారుతూ వచ్చి బల్ల దగ్గర ఆగింది.

"ఒక్కదానివే ఆడుతున్నావేం అమ్మమ్మా? నీకు ఫ్రెండ్స్ లేరా?"

"దాన్‌బీ! అలా అడుగుతారా ఎవరైనా?" అంది తల్లి.

"ఉన్నారుగా. ఇదిగో, ఈ చెయ్యి. ఒట్టి మొండిఘటం," అంది జమ్సుక్.

"మరి నేనాడనా?"

జమ్సుక్ కోళ్ళ ఆట తీసింది. కోళ్ళను గూటికి చేర్చాలి. ఎదుటివాళ్ళ కోడి ఉన్న గడిలోకి మన కోడి వస్తే వాళ్ళ కోడి మొదటికి పోవాలి. పాప పసుపు కోళ్ళు తీసుకుంది. పాచిక వేసేముందు దాని మీద ఊదేది. ఐదు పడితే ఆరు గళ్ళు నడిపేది.

"ఐదు."

"ఆరు!"

"ఐదమ్మా. చుక్కలు చూడు."

పాప మూతి ముడిచి కోడిని వెనక్కి లాగేది. ఎడమచేయి ఏం తలపెట్టిందో కుడిచేతికి ఎప్పుడూ ముందే తెలిసేది. ఈ పిల్ల ఏం చేస్తుందో తెలియదు. అందుకు జమ్సుక్ గుండె వేగంగా కొట్టుకుంది. ఆమె బల్ల మీదికి వంగి, పళ్ళ మధ్య నాలుక కొస పెట్టుకుని ఆడింది.

చివరికి పాప కోడి ఒకటి గూటికి అడుగు దూరంలో నిలిచింది. జమ్సుక్‌కు సరిగ్గా దాన్ని కొట్టే సంఖ్యే పడింది. తల్లి ఫోను దించి కళ్ళతో ఏదో సైగ చేసింది. బాగా ఆడుతున్నావని మెచ్చుకుంటోందనుకుని జమ్సుక్ తల ఊపి, కోడిని కొట్టేసింది. మరి రెండు పందేలకు గెలిచింది కూడా.

పాప నేల మీద పడి ఏడ్చింది.

"కాస్త ఓడిపోతే మీ సొమ్మేం పోయేది పెద్దమ్మగారూ? పిల్లలతో ఆడేటప్పుడు అందరం అంతేగా చేస్తాం!" అంది తల్లి.

"కావాలని ఓడిపోవడమా?" అంది జమ్సుక్. ఆమెకు నిజంగానే తెలియదు. తెలిశాక చెవులు కాలిపోయాయి. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

కింద కారు హారను మోగింది. తల్లి పాపకు బూట్లు తొడగసాగింది. ఒక కాలికి తొడిగేసరికి పాప విదిలించుకుని, కుంటుకుంటూ బల్ల దగ్గరికి వచ్చింది. తన కోడిని తీసి మొదటి గీత దగ్గర, సరిగ్గా చెప్పాలంటే గీతకు ఒక గడి ముందు, నిలబెట్టింది.

"రేపొస్తా. నీ కోళ్ళన్నిటినీ వెనక్కి తోలేస్తా, చూడు!"

జమ్సుక్ నడుం నిటారు చేసుకుంది. "కడుపునిండా తిని రా," అంది. "నేనేం తక్కువదాన్ని కాదు."

పాప ముక్కు తుడుచుకుని, ఆ మాట నచ్చినట్టు తల ఊపి వెళ్ళిపోయింది.

సాయంత్రం జమ్సుక్ ఏప్రను మడిచి, పేరు బిళ్ళ పైన పెట్టి ఇచ్చింది. బే నారింజల సంచి చేతిలో పెట్టి కౌగిలించుకుంది. అంతలోనే ఫోను మోగితే వదిలేసింది.

"ఆ కోళ్ళ ఆట తూచి లోపల పెట్టేయనా?" అంది ఫోను చెవిన పెట్టుకోబోతూ.

"ఉండనీ. రేపు ఆ పిల్ల వస్తుంది. నువ్వు దాని ఎదుట కాసేపు కూర్చో."

"నాకెక్కడ తీరుతుంది పెద్దమ్మగారూ..." అంటూ బే ఫోను అందుకుంది.

జమ్సుక్ తన వైపు కోళ్ళను గీత మీద వరసగా నిలిపింది. అవతలి వైపునూ సర్దింది. ఒకదాని మీదికి చెయ్యి వెళ్ళి, ఆగి, వెనక్కి వచ్చింది. మెట్లు దిగింది. కాసేపటికి బే దీపాలు ఆర్పి తలుపు వేసింది.

కిటికీలోంచి పడే వీధి వెలుగులో, గీత దాటి ఒక గడి ముందుకు, పసుపు కోడి నిలబడి ఉంది.