లసుమవ్వ నల్లద్దాలు

చదివేవాళ్ళకు ముందుగా ఒక మనవి. నేను అక్షరాలు నేర్చుకున్నది మా ఆయన పోయాక, జుట్టు నెరిశాక. ఒత్తులు తప్పుతాయి, దీర్ఘాలు ఉండాల్సిన చోట ఉండకపోవచ్చు. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పొద్దు పడుతుంది. దిద్దుకొని చదవండి. ఈ కథలోని లసుమవ్వ మా అమ్మ. నేనూ ఇందులో ఉన్నాను. కానీ కథ ఆమెది కాబట్టి నన్ను కూడా పేరు పెట్టే పిలుచుకుంటాను.

ఆ ఏడు సిరిసిల్లకు వానలూ కండ్ల కలకా కలిసే వచ్చాయి. ముందు సంతలో ఒకరిద్దరికి వచ్చిందన్నారు. ఆ తర్వాత ఎవరికి రాలేదో అడగడమే సులువైంది. సాలెవాడలో మగ్గాలు ఆగిపోయాయి. తెగిన పోగు కనబడదు, కనబడినా నీళ్ళు కారే కళ్ళతో అతకలేరు. అన్నల, అంటే నక్సలైట్ల, రోజులవి. ఎర్ర జెండా కనబడిందంటే పోలీసులు వచ్చేవాళ్ళు, ఎర్ర కన్ను కనబడిందంటే చుట్టాలు రావడం మానేసేవాళ్ళు.

లసుమవ్వ కూతురు వెంకటవ్వకు అది తొలి కాన్పు. తల్లిగారింట్లో జరగాల్సింది. కానీ కోరుట్ల నుంచి వియ్యపురాలు నర్సక్క కబురు పంపింది. "మీ వాడకట్టంత కండ్లు ఎర్రవడ్డయట. పిల్లను పంప. ఈడనే కంటది." అలా కాన్పు అత్తగారింట్లోనే అయింది, ఆడపిల్ల పుట్టింది. పిల్లను తొట్లెలో వేసే పురుడు వేడుక దగ్గర పడుతుండగా రెండో కబురు వచ్చింది. "మనుమరాలిని తొట్లెల ఏసేది అమ్మమ్మనే గద, వదినెను రమ్మను. కని ఎర్ర కండ్లతోని వస్తె గడప తొక్కనియ్య."

వాళ్ళ ఇళ్ళల్లో తొలి మనుమరాలిని మొదటిసారి తొట్లెలో, అంటే చీర ఊయలలో, వేసేవి అమ్మమ్మ చేతులే. కాన్పు చేసే భాగ్యం ఎలాగూ చేజారింది. ఇది కూడా పోతే మళ్ళీ రాదు. ఆ తర్వాత ఎన్నిసార్లు వేసినా అది పిల్లను పడుకోబెట్టడమే అవుతుంది గానీ తొట్లెలో వేయడం కాదు.

లసుమవ్వ మొగుడు మల్లయ్య తొట్లె చీర తానే నేశాడు. కుంకుమ రంగు, పసుపుపచ్చ అంచు. రంగు కూడా తానే అద్దాడు. మడత పెట్టి ఇస్తూ, "ఏడు గంగలల్ల ఉతికినా ఈ రంగు పోదు. నర్సక్కకు చెప్పు," అన్నాడు.

"నేను ముందు ఆ గడప దాటాలె గద, అటెన్క రంగు ముచ్చట," అంది లసుమవ్వ.

కండ్ల కలక చూపుతో అంటుకుంటుందని వాడంతా నమ్మేది. ఎర్ర కన్ను మన కంట్లోకి చూస్తే చాలు, మనకు దిగుతుంది. కాబట్టి చూడకూడదు, చూపించుకోకూడదు. పక్కింటి లింగన్న దగ్గర శుక్లాల ఆపరేషన్ అయినప్పుడు ఇచ్చిన నల్లద్దాలు ఉన్నాయి. లసుమవ్వ అవి అడిగి తెచ్చుకుంది. ముక్కు మీద నిలవకపోతే మగ్గం పోగుతో చెవులకు కట్టుకుంది. కొంగు ముఖం చుట్టూ బిగించింది. నడుముకు వేపకొమ్మ, రొండిలో ఉల్లిగడ్డ, చేతిలో సొంత నీళ్ళ చెంబు. మల్లయ్య ఆమెను చుట్టూ తిరిగి చూశాడు.

"పిల్ల జడుసుకుంటది," అన్నాడు.

"పిల్లకు ఇంక చూపు ఆనది. నువ్వు జడుసుకోకుంటె సాలు."

పోలీసు తనిఖీలతో బస్సులు ఎప్పుడు చేరతాయో తెలియని రోజులు కాబట్టి పురుడు ఎల్లుండి అనగానే బయలుదేరింది. సిరిసిల్ల నుంచి జగిత్యాల, అక్కడ బస్సు మారితే కోరుట్ల. బస్సు అడ్డాలో ఆమె ఎవరి ముఖమూ చూడలేదు. కాళ్ళు చూసి మనుషులను పోల్చుకుంది. చెప్పుల కాళ్ళను అడిగితే జగిత్యాల బస్సు అటు ఉందన్నాయి, గజ్జెల కాళ్ళను అడిగితే ఇటు అన్నాయి. ఆమె గజ్జెలను నమ్మి ఎక్కింది. అదృష్టం బాగుండి అదే బస్సు.

"ఎటు అవ్వా?" అన్నాడు కండక్టరు.

"జగిత్యాల. నా దిక్కు చూడకు కొడుకా, ఇంకోదిక్కు మొకం పెట్టి టిక్కెట్ కొట్టు."

"నిన్ను చూద్దామన్నా ఏడ కనవడుతున్నవ్?" అంటూ కండక్టరు టిక్కెట్ చింపి ఇచ్చాడు. లసుమవ్వకు చిన్నప్పటి నుంచి ఒక అలవాటు. మంచి పనికి పోతున్నప్పుడు చేతికి ఏది వచ్చినా కళ్ళకద్దుకుంటుంది. పొద్దున్నే మగ్గం మీద పోగు నడిపే నాడెను కళ్ళకద్దుకొనే మల్లయ్యకు అందిస్తుంది. ఇప్పుడు కూడా అద్దాలు నుదుటి మీదికి నెట్టి, టిక్కెట్ రెండు కళ్ళకూ అద్దుకొని, అద్దాలు మళ్ళీ దించుకుంది.

పక్క సీటులో బుగ్గారం పోతున్న బుచ్చవ్వ అనే ఆమె కూర్చుంది. గలగలా మాట్లాడే మనిషి. "ఏందక్కా, సినిమాల యాక్ట్ చేస్తానవా?" అంది.

"నీ కండ్లు తెల్లగున్నయా?"

"నాయి ఎప్పుడో అచ్చి పోయినయి."

"అయితె మాట్లాడు," అంది లసుమవ్వ. వేములవాడలో ఎవరో దేవుని బెల్లం పంచితే కిటికీలోంచి తీసుకొని, అదీ కళ్ళకద్దుకొని నోట్లో వేసుకుంది.

జగిత్యాల ఇంకా కొంత దూరముందనగా బస్సు ఆగింది. రోడ్డుకు అడ్డంగా మొద్దు, దాని వెనుక పోలీసులు. అందరినీ దింపి వరసలో నిలబెట్టారు. ఆ రోజుల్లో తనిఖీకి దింపిన మనిషి మళ్ళీ అదే బస్సు ఎక్కుతుందన్న పూచీ లేదు. అందరూ నేల చూపులే చూశారు. లసుమవ్వ కూడా తల వంచుకొనే నిలబడింది. బూట్లు వచ్చి ఆమె ముందు ఆగాయి.

"కొంగు తియ్యి," అన్నాడు ఎస్సై.

ఆమె కొద్దిగా తలెత్తింది. ఎస్సైకి నల్లద్దాలు. పక్కన ఉన్న జవానుకు నల్లద్దాలు. మొద్దు మీద కూర్చున్నవాడికీ నల్లద్దాలే. జవాను అద్దాల కింద నుంచి నీళ్ళు చెంప మీదికి కారుతుంటే చేత్తో తుడుచుకుంటున్నాడు. లసుమవ్వ గుండె జారింది. తుపాకులను చూసి కాదు.

"తియ్య సారూ. మీకందరికి కండ్ల కలక ఉన్నది."

"తియ్యవా? మొకం కప్పుకున్నవ్, అద్దాలు పెట్టుకున్నవ్. ఆడిదానివో, చీర కట్టిన మొగోనివో నాకెట్ల తెల్వాలె? మూట ఇప్పు."

జవాను ఆ తడి చేత్తోనే మూట విప్పాడు. తొట్లె చీర మడతలు జారి రోడ్డు మీద మూరలు మూరలుగా పరుచుకుంది. ఎర్రగా, ఎండలో మెరుస్తూ. జనం ఊపిరి బిగబట్టారు.

"ఏందిది?" ఎస్సై గొంతు మారింది. "గింత ఎర్రబట్ట ఎందుకు? జెండాలకా?"

"నా మనుమరాలి తొట్లె చీర సారూ. జెండల పిల్లను పండవెడ్తరా?"

వెనుక నుంచి బుచ్చవ్వ ఫక్కున నవ్వింది. నవ్వకూడదని ఆపుకున్నవాళ్ళు దగ్గారు. ఎస్సైకి కోపం రాబోయి ఆగిపోయింది, కంట్లో నలక పడ్డట్టు అద్దాల కింద రుద్దుకున్నాడు.

"అద్దాలు తీసి మొకం చూపియ్యి, పంపిస్త."

"నువ్వు కండ్లు మూసుకో సారూ, తీస్త."

"నేను మూసుకుంటె నిన్ను చూసేది ఎవరే?"

లసుమవ్వ ఒక్క క్షణం ఆలోచించింది. "అయితె నేనే మూసుకుంట," అంది. రెండు కళ్ళూ గట్టిగా బిగించి, ముక్కు ముడుచుకొని, అద్దాలెత్తి కొంగు దించింది. చేదు మందు తాగబోయే పిల్లలా ఉన్న ఆ ముఖాన్ని ఎస్సై కాసేపు చూశాడు. అన్నల దళంలో ఇలాంటి మనిషిని ఎవరూ చేర్చుకోరని ఆయనకు తోచి ఉంటుంది.

"పో, పోయి నీ మనుమరాలిని చూస్కో," అన్నాడు.

జవాను చీరను పోగు చేసి చేతుల్లో పెట్టాడు. పోయిందనుకున్న చీర తిరిగి దొరికింది. లసుమవ్వ దాన్ని రెండు చేతులా పట్టుకొని, అద్దాల కిందికి దూర్చి, కళ్ళకద్దుకుంది. ఒకసారి కాదు, మూడుసార్లు.

బస్సు కదిలాక కొత్త దిగులు పట్టుకుంది. "చెల్లే, మూసిన రెప్పల మీంచి చూపు లోపలికి పోతదా?"

"తలుపు మూసినంక చుట్టం లోపలికెట్ల వస్తడు?"

"సందులకెళ్ళి రాడా? ఒకసారి నా కండ్లు చూడు."

"కొబ్బరి లెక్కున్నయి."

కాసేపటికి మళ్ళీ అడిగింది. "ఇప్పుడు?"

"ఇప్పుడు కూడ కొబ్బరే. ఇంకోసారి అడిగితె ఎర్రవడ్డయని చెప్త."

జగిత్యాల అడ్డాలో పాన్‌డబ్బా అద్దంలో చూసుకుంది. కోరుట్ల బస్సులో డ్రైవరు ముందున్న అద్దంలోకి వంగి చూసుకుంది. "అవ్వా, బండి నన్ను నడపనిస్తవా?" అన్నాడు డ్రైవరు.

కోరుట్లలో నర్సక్క ఇంటి ముందుకు వచ్చి, అద్దాలు తీసి, కళ్ళు విప్పార్చుకొని, పరీక్షకు సిద్ధంగా నిలబడింది. "వదినే, వచ్చి చూడు. తెల్లగున్నయి."

తలుపు తెరిచింది నర్సక్కే. ఆమె కళ్ళకు నల్లద్దాలు. ఆమె వెనుక ఆమె మొగుడు, నల్లద్దాలు. లోపలి నుంచి వచ్చిన అల్లుడికీ నల్లద్దాలే. ముగ్గురూ గోడకు వరసగా నిలబడ్డారు, తనిఖీకి దింపినట్టు.

లసుమవ్వకు నవ్వు తన్నుకొచ్చింది. "నేను గడప తొక్కాల్నా వద్దా వదినే?"

"ఎగతాళి చెయ్యకు," అంది నర్సక్క. "రోజూ వేపనీళ్ళతోని అందరి కండ్లు నేనే కడిగిన. నేనే తుడిచిన. అయినా అచ్చినయి."

"దేంతోని తుడిచిండ్రు?" అని లోపలి గది నుంచి ఒక గొంతు అడిగింది. బాలింతను చూడడానికి వచ్చిన నర్సు రమాదేవి ఆమె.

"ఒక్కటే తువ్వాల. మంచి మెత్తటిది."

రమాదేవి నుదురు కొట్టుకుంది. "చూస్తె రాదవ్వా ఇది. చెయ్యికి అంటుతది, బట్టకు అంటుతది, గా చెయ్యి కంటికి పోతె కన్ను ఎర్రవడతది. వైరస్ అంటరు దాన్ని. కంటికి కనవడది. వెంకటవ్వను, పిల్లను ఎవ్వలు ముట్టకుండ్రి. బాలింతను ఇడిస్తె ఇంట్ల మంచి కండ్లున్న మనిషి ఇగ ఈమె ఒక్కతే."

అందరూ లసుమవ్వ వైపు తిరిగారు. గది తలుపు దగ్గర వెంకటవ్వ పిల్లను ఎత్తుకొని నిలబడి ఉంది. గుడ్డల్లోంచి చిన్న పిడికిలి ఒకటి బయటికి వచ్చి ఉంది. "అవ్వా, రా," అంది వెంకటవ్వ.

లసుమవ్వ అడుగు వేయబోయి ఆగింది. చెయ్యికి అంటుతుంది, బట్టకు అంటుతుంది. జవాను చెంప తుడుచుకున్న చెయ్యి కళ్ళ ముందు కదిలింది. చీర. మూడుసార్లు. టిక్కెట్. బెల్లం. నవ్వు ఎటు పోయిందో పోయింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ పిడికిలి చూస్తే చెప్పకుండా ఉండలేకపోయింది.

"నేను ముట్ట," అంది. జరిగిందంతా చెప్పి మూటను గడప బయటే దించింది.

రమాదేవి విన్నది. నవ్వు ఆపుకోవడానికి కొంత సేపు పట్టింది. "చూసేటోళ్ళందరి నుంచి కండ్లు దాచినవ్ గని, నీ చేతుల నుంచి దాచలేదు. సబ్బుతోని చేతులు కడుక్కో. చీర ఉడకవెట్టుండ్రి. ఎల్లుండి పొద్దుగాల దాక కండ్లు తెల్లగుంటె నువ్వే తొట్లెల ఎయ్యి. గప్పటి దాక కండ్ల మీద చెయ్యి పెట్టకు."

అదే అన్నిటికన్నా కష్టమైంది. లసుమవ్వ చేతులు చెప్పిన మాట వినలేదు. సబ్బు ఇస్తే సబ్బును కళ్ళకద్దుకోబోయింది. అన్నం పళ్ళెం ఇస్తే పళ్ళెం పైకి లేచింది. "అవ్వా," అని వెంకటవ్వ గదిలోంచి అరవడం, చేతులు గాల్లో ఆగడం. నిద్రలో ఏం చేస్తాయోనని రాత్రి తన చేతులను తానే కొంగుతో మంచానికి కట్టేసుకుంది. తెల్లారి చూస్తే ముడి ఊడి రాక, వచ్చి విప్పడానికి ముట్టదగ్గ మనిషి లేక, పళ్ళతో విప్పుకుంది.

చీర ఉడకబెట్టే పని నర్సక్క తీసుకుంది. కట్టెల పొయ్యి మీద పెద్ద గంజు ఎక్కించి, ఎలాగూ నీళ్ళు కాగుతున్నాయి కదా అని ఇంట్లో ఉన్న తువ్వాలలు, ధోతులు, దిండు గలీబులు అన్నీ అందులోనే వేసింది. దింపి చూస్తే ఇల్లంతటి బట్టలూ గులాబీ రంగు. నర్సక్క మొగుడి ధోతి కూడా. ఆయన మారు ధోతి లేక అదే కట్టుకొని, నల్లద్దాలతో వాకిట్లో కూర్చుంటే, దారిన పోయేవాళ్ళు ఆగి చూసి పోయారు.

పురుడు రోజు పొద్దున లసుమవ్వ వాకిట్లో పీట మీద కూర్చుంది. రమాదేవి వచ్చి రెప్పలు ఎత్తి చూసింది. కుడి కన్ను, ఎడమ కన్ను, మళ్ళీ కుడి కన్ను. లసుమవ్వ ఊపిరి ఆపుకుంది.

"కొబ్బరి," అంది రమాదేవి.

"గా మాట నీకెవలు చెప్పిండ్రు?" అంది లసుమవ్వ.

మోచేతుల దాకా కడుక్కొని గదిలోకి వెళ్ళింది. గులాబీ రంగు చీర దూలానికి వేలాడుతోంది. మిగతా వాళ్ళు నల్లద్దాలతో వాకిట్లోంచే చూస్తున్నారు. వెంకటవ్వ పిల్లను తల్లి చేతుల్లో పెట్టింది. దూదిమూట అంత బరువు. లసుమవ్వ పిల్లను తొట్లెలో వేసింది. ఊపింది. ఆగి, ఆ చిన్న పాదాలు రెండూ అరచేతుల్లోకి తీసుకుంది. చేతులు పైకి లేచాయి.

"వదినే," "అవ్వా," "అత్తా" అని మూడు గొంతులు ఒక్కసారే వినిపించాయి.

చేతులు కళ్ళ దగ్గర ఆగాయి. లసుమవ్వ ఇంకొంచెం వంగి ఆ పాదాలను తన నెత్తి మీద పెట్టుకుంది. పిల్ల ఆమె జుట్టును కాలివేళ్ళతో తన్నింది.

నాలుగు రోజులకు సిరిసిల్ల తిరిగి వచ్చేసరికి మల్లయ్య అరుగు మీద లింగన్న పక్కన కూర్చొని ఉన్నాడు. కళ్ళు చీర రంగులో ఉన్నాయి.

"నా దిక్కు చూడకు," అన్నాడు ముఖం తిప్పుకొని.

"చూస్తె ఏం గాదట. నీ తువ్వాల ముట్టవద్దట."

మల్లయ్య తన తువ్వాలను పక్కకు జరిపాడు. తర్వాత ఉండబట్టలేక, "చీర రంగు పోయిందా?" అని అడిగాడు.

"ఏడికి పోలే," అంది లసుమవ్వ. "నర్సక్క ఇంట్లనే ఉన్నది. అందరి బట్టల మీద."

చిటికెన వెంకటవ్వ,
అరవై నాలుగేండ్లు,
ఇప్పుడు తంగళ్ళపల్లిలో, ఆ తొట్లెలో పడుకున్న బిడ్డ ఇంట్లో ఉంటున్నాను.