చావు విందుకు దాచిన చీజు

మంచుకొండల నడుమ అనివియే లోయలో ప్రతి మనిషికీ తనదంటూ ఒక చీజు దిమ్మ ఉంటుంది. బతికుండగా తినడానికి కాదు. పోయాక, సమాధి చేసి వచ్చినవాళ్లకు రొట్టెతో, ద్రాక్షసారాతో పెట్టడానికి. పెట్టిన దిమ్మ బాగుంటే మనిషి బాగా బతికాడంటారు. ముసలి తియోడూల్ దిమ్మను పెళ్లయిన ఏడు ఆయన భార్య తన చేతులతో అదిమి చేసింది. ఆవిడ పోయింది, ఆవిడ దిమ్మ ఊరు తినేసింది. ముసలాయన మాత్రం తనదాన్ని వారం వారం ఉప్పునీటి గుడ్డతో తుడుస్తూ పసిబిడ్డలా చూసుకునేవాడు.

ఆ చలికాలం ఆయనకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. మంచం పక్కన కూతురు సెరఫీన్ ఒక్కతే. పాదిరిగారు వచ్చి నుదుట నూనె రాసి, చివరి ప్రార్థన కూడా చేసి వెళ్లిపోయారు. మనిషికి ఉలుకూ పలుకూ లేదు. పక్కింటి మెలనీ గుమ్మంలోంచి తొంగిచూసింది. ఊళ్లో ఎవరింట్లో చావైనా పెత్తనం ఆవిడదే.

"ఇంకా చూస్తూ కూర్చున్నావేమే? ఆ దిమ్మ రాయిలా ఉంటుంది, రంపం పెట్టాలి. జనమొచ్చి కూర్చున్నాక కోస్తావా?"

"ఇంకా ఊపిరుంది కదక్కా."

"ఉంటే ఉంది. పొద్దుగూకేదాకా ఉంటుందా?"

సలహా ఇచ్చేవాళ్లకు పోయేదేముంది! సెరఫీన్ దిమ్మ దాచిన నేలకొట్టులోకి దిగి రంపం పట్టింది. నిజం చెప్పాలంటే ఆమెకు ఏడుపు రాలేదు. ఇక హాయిగా నిద్రపోవచ్చు అనుకుంది. దిమ్మ రెండు చెక్కలయ్యేసరికి పైనుంచి గొంతు వినబడింది.

"అమ్మాయ్! సూపేమైనా ఉందా?"

 తండ్రి బతికాడంటే ముందు సంతోషం రావాలి కదా, ఆమెకు భయం వచ్చింది. అది తలచుకున్నప్పుడల్లా తన మీద తనకే అసహ్యం వేసేది.

చెక్కలు రెండూ దగ్గరకు చేర్చి గుడ్డ కప్పేసింది. ముసలాయన లేచి కూర్చున్న దగ్గర్నుంచి ఒకటే పాట.

"దిమ్మ తుడిచావా?"

"తుడిచాను నాన్నా."

"నేనూ ఒకసారి చూసొస్తానే."

మెట్లు జారుతున్నాయంది. చలిగాలి పడదంది. రోజుకో సాకు. అబద్ధాలాడి ఆడి ఆమె చిక్కి సగమైంది. ఆయనేమో, పాపం, పిల్ల తనకు చాకిరీ చేసి చేసి చిక్కిపోయిందని మెలనీ దగ్గర బాధపడేవాడు.

మంచు కరిగాక ఒక ఉదయం, ఆమె కొట్టంలో పాలు పితుకుతుంటే, ఆయన గోడ పట్టుకుని తానే కిందికి దిగాడు. ఆమె పరుగున వచ్చేసరికి తడిగుడ్డ చేతిలో పట్టుకుని చెక్కల ముందు కూర్చుని ఉన్నాడు.

"నేను పోయాననుకున్నావా, పోవాలనుకున్నావా?"

ఇక అబద్ధమాడే ఓపిక లేదు ఆమెకు.

"రెండూ నాన్నా."

తిట్టినా బాగుండేది. ఆయన ఊరికే తల ఊపాడు.

"నా దిమ్మ తీసుకో నాన్నా. నాకొద్దు."

"నీదాంట్లో మీ అమ్మ చెయ్యి లేదు కదే."

సెరఫీన్ నేల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన కోసిన అంచును వేలితో తడిమి చూశాడు.

"ఇట్లా కోసేసింది ఎన్నాళ్లాగుతుంది?"

"గడ్డి కోతల దాకా. ఆ తర్వాత పాడైపోతుంది."

ముసలాయన కూతురి తల మీద చెయ్యి వేశాడు.

"ఏడవకు తల్లీ. ఆలోపు పోతాలే."