జీపులో ఆరో సీటు

హాలియాలో షేర్ ఆటో నిండందే కదలదు. దేవుడే దిగివచ్చి తొందరుందన్నా, "ఒక్కలు తక్కువున్నరు సామీ, జర కూసో" అంటాడు డ్రైవరు. ఆ ఊరికి కోడలిగా వచ్చి పాతికేళ్లు దాటిన మంజులతకు ఈ న్యాయం బాగా వంటబట్టింది. అందుకే ఆఫ్రికాలో జీపులు కూడా ఇదే పద్ధతిన నడుస్తాయని తెలిసిన రోజున, ఆ ఖండం ఆమెకు మేనమామ ఊరంత దగ్గరైపోయింది.

ఆ సంగతి ఫోన్లో చెప్పింది హైదరాబాద్ ట్రావెల్ ఏజెంటు దివాకర్. కెన్యాలో అడవి జంతువులను చూపించే జీపులో ఆరుగురు పడతారు. ఇద్దరెక్కినా ఆరుగురెక్కినా కిరాయి ఒకటే. ఆరుగురు పంచుకుంటే మనబోటి వాళ్లు కూడా పోగలరు. అందులోనూ ఏప్రిల్, మే నెలల్లో అయితే బసల రేట్లు బాగా పడిపోతాయి.

"గా నెలలల్లనే ఎందుకు తగ్గిస్తరు?" అని అడిగింది మంజులత. తగ్గించి ఇస్తామన్న సరుకును తిరగేసి చూడటం ఆమెకు చీరల దుకాణాల్లో అబ్బిన విద్య.

దివాకర్ గొంతు తగ్గించాడు. "మీ దగ్గర దాచడమెందుకు మేడమ్. అప్పుడక్కడ వర్షాలు. టూరిస్టులు ఇష్టపడరు."

మంజులత పుట్టింది పాలమూరు దిక్కు. చిన్నప్పుడు రోకలికి కప్పను కట్టుకొని, వాన కోసం ఇల్లిల్లూ తిరిగి పాడిన పిల్ల. వాన పడుతుందని క్షమాపణ చెప్పే మనిషిని ఆమె వినడం అదే మొదలు. ఫోనును కొంగులో చుట్టి, తనివితీరా నవ్వుకొని, మళ్లీ చెవికి పెట్టుకుంది.

"పడనియ్యండి. వానకు మేమేం అనుకోం."

మే నెల అన్నివిధాలా కలిసొచ్చింది. యాసంగి పంట వడ్లు అప్పటికి అమ్ముడైపోతాయి. మహబూబ్‌నగర్‌లో టీచరుగా చేస్తున్న చెల్లెలు సుచరితకు బడి సెలవులు. అడ్డం పడేదేమీ లేదు, ఒక్క రఘుపతి తప్ప.

రఘుపతి ఆమె భర్త. కాలువ కింద వరి, బజార్లో ఎరువుల దుకాణం.

"జంతువులను సూడనీకి సముద్రం దాటాల్నా? హైదరాబాద్‌ల జూ లేదా?" అన్నాడు.

"నేను సూడాల్సింది జిరాఫీ నీళ్లు తాగుడు."

"జూల గూడ తాగుతది."

"జూల దానికి వంగే పనే లేదు. తొట్టి మూతి కాడికి తెచ్చిపెడ్తరు. నీకు చాయ్ తెచ్చిచ్చినట్లు."

రఘుపతి చేతిలోని చాయ్ కప్పు వంక చూసుకున్నాడు.

జిరాఫీ సంగతి పాతది. డిగ్రీలో జువాలజీ రికార్డు కోసం మంజులత ఒక బొమ్మ వేసింది. జిరాఫీ నీళ్లు తాగాలంటే మెడ ఒక్కటే చాలదు, ముందు కాళ్లు రెండూ ఎడంగా చాపి, వంగి, నానా తిప్పలూ పడాలి. అంత ఎత్తున బతికే జీవి ఒక్క గుక్క నీళ్ల కోసం అంత వంగుతుందా అని ఆశ్చర్యపడుతూ వేసిందేమో, బొమ్మ బాగా కుదిరింది. లెక్చరర్ మెచ్చుకొని, "చూసినట్టే వేసినవమ్మా" అన్నాడు. చూసినట్టే. ఆ మాట మంజులతకు పంటి కింద రాయిలా ఇన్నేళ్లూ ఉండిపోయింది.

రఘుపతి పిసినారి కాడు. ఖాళీగా పోయే బండిని చూస్తే మాత్రం తట్టుకోలేడు. మిర్యాలగూడ మిల్లుకు వడ్లు దింపి వచ్చే ట్రాక్టర్లో కనీసం పక్కింటివాళ్ల మంచమైనా వేసుకొస్తే గానీ ఆయనకు అన్నం సయించదు. అందుకని తేల్చి చెప్పాడు.

"ఆరు సీట్లు నిండితె పోదాం. నిండకుంటె లేదు. ఖాళీ సీటుకు కిరాయి కట్టుడు నాతోని కాదు."

ఆపైన దివాకర్‌కు ఫోన్ చేసి, డ్రైవరుకు ఇటొకరు అటొకరు కూర్చుంటే ఇంకొంచెం తగ్గుతుందా అని కూడా కనుక్కున్నాడు. అది షేర్ ఆటో కాదని దివాకర్ ఓపిగ్గా చెప్పాల్సి వచ్చింది.

సీట్లు నింపే పని మొదలైంది. పక్కింటి స్వర్ణ సర్కారు దవాఖానలో స్టాఫ్ నర్సు. మంజులత చెప్పీ చెప్పకముందే "నేనొస్త వదినా" అంది. ఆమె వస్తే భర్త ఇస్రాయేలు వచ్చినట్టే. అతను ఆర్టీసీ కండక్టరు. సుచరితతో ఐదుగురయ్యారు.

"ఇంకొక్క సీటే గద! నాకిడిసిపెట్టు వదినా, నింపుడే నా కొలువు" అని ఇస్రాయేలు భరోసా ఇచ్చాడు.

ఆ ఒక్క సీటే నిండలేదు. రఘుపతి చిన్నమ్మ కోడలు కోమల అంతా విని, "అక్కడ గుడి ఉన్నదా అక్కా?" అని అడిగింది. లేదంటే, "దేవుడు లేని జాగకు గంత దూరం ఎవలు పోతరు?" అని పెదవి విరిచింది. రైసు మిల్లు రాజేశ్ ముందు సరేనని, జీపు దిగనివ్వరని తెలిసి వెనక్కి తగ్గాడు. "దిగనియ్యకుంటె ఏం సంబురం? టీవీల సూసినట్లే గద" అని గోవా పోయాడు.

"జాతరప్పుడు బస్సుల నూటిరవై మందిని కుక్కిన. గీ ఒక్క సీటు నాతోని అయితలేదు వదినా" అని ఇస్రాయేలు తల వంచుకున్నాడు.

దివాకర్ మర్నాటికి పేర్లు కావాలన్నాడు. ఆ సాయంత్రం మంజులత, రఘుపతి పక్కింటి అరుగు మీద చేరారు. పోవడం లేదన్న మాటను తేలిగ్గా, నవ్వుతూ చెప్పేయాలని మంజులత ఇంటి దగ్గరే అనుకొని వచ్చింది. తీరా వచ్చాక ముందు నీళ్లడిగింది. స్వర్ణ ఇచ్చిన నీళ్లు తాగింది. వంగకుండానే, చెంబు ఎత్తుకొని.

అరుగు చివర ఇస్రాయేలు తల్లి బిక్షమ్మ చింతపండు గింజ తీస్తోంది. అరవై ఐదేళ్ల మనిషి. తల ఎత్తకుండానే అడిగింది.

"ఏం బిడ్డా, ఒక్క సీటు నిండకుంటె మీరెవ్వరు పోరా?"

"పోం పెద్దమ్మా."

"మరి నన్నెందుకు అడుగరు?"

అడగకూడదని ఎవరూ అనుకోలేదు. అడగవచ్చని ఎవరికీ తట్టలేదు, అంతే. బిక్షమ్మ రఘుపతి వాళ్ల పొలాల్లో ఆయన నడక నేర్వక ముందు నుంచీ నాట్లు వేసింది. ట్రాక్టరు వచ్చాక ఆమె వెనక ట్రాలీలో, పిల్లవాడైన రఘుపతి ముందు డ్రైవరు పక్కన.

"అమ్మా, నల్లగొండ బస్సుల కూసుంటనే కక్కుతవు నువ్వు" అన్నాడు ఇస్రాయేలు.

"నీ బస్సుల గాలాడదురా. గా జీపుకు పైన కప్పు లేపుతరంట. మంజులమ్మ చెప్పంగ ఇన్న."

"పైసలో?"

"నా సావుకని దాసిపెట్టుకున్నయి ఉన్నయి. సచ్చినంక డప్పులు నాకినబడ్తయా? గవ్విటితోని గా జీపుల కూసుంట. డప్పులు మీరు కొట్టిచ్చుకోండ్రి."

స్వర్ణ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మంజులత మాత్రం నవ్వలేకపోయింది. అందరూ రఘుపతి వైపు చూశారు. ఆయన అరుగు దిగి, చెప్పులు వేసుకొని, ఫోను తీశాడు.

"దివాకర్ గారూ, రాసుకోండి. ఆరుగురం. బండి నిండింది."

బిక్షమ్మకు ఆధార్‌లో పుట్టినరోజు జనవరి ఒకటి. ఆ ఊళ్లో ఆమె ఈడు వాళ్లందరూ అదే రోజు పుట్టారు కాబట్టి పాస్‌పోర్టు వాళ్లకు అలవాటే. ఎల్లో ఫీవర్ సూది కోసం స్వర్ణ అందరినీ హైదరాబాద్ తీసుకుపోయింది. బిక్షమ్మ వయసు చూసి డాక్టర్ సందేహించి, అన్ని పరీక్షలూ చేసి గానీ సూది వేయలేదు. అప్పుడు కళ్లు తిరిగింది బిక్షమ్మకు కాదు, రఘుపతికి.

కెన్యాలో మొదటి పొద్దు జీపు వచ్చి ఆగగానే బిక్షమ్మ ఎవరూ చెప్పకుండానే వెనక సీటు వైపు నడిచింది. రఘుపతి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎనక నేను కూసుంట. నువ్వు డ్రైవరు పక్కకు కూసో పెద్దమ్మా. గతుకులు ఎనకనే ఎక్కువ."

"ముందట నువ్వు గద పటేలా కూసునేటోనివి."

"శాన కూసున్న. ఇగ సాలు."

ఇంట్లో మంచినీళ్ల గ్లాసు కూడా తనంతట తాను తీసుకోని మనిషి. మంజులత ఆయన ముఖంలోకి మళ్లీ ఒకసారి చూసింది. మనిషి ఆయనే.

వాన దివాకర్ చెప్పినట్టే పడింది. మే నెలలో, నిండుగా, మోకాలెత్తు గడ్డి మీద. జీపు కప్పు కింద సుచరిత చెయ్యి బయటికి చాపి, తడిసిన చేతిని ముఖానికి రాసుకుంది. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పాలమూరులో ఆ పూట ఎండ ఎంతుందో ఇద్దరికీ తెలుసు.

ఏనుగులు కనిపించాయి. సింహం ఒకటి, తడిసి, మన ఊరి కుక్కలాగే చిరాగ్గా ముడుచుకొని కనిపించింది. జిరాఫీలు ఎన్నో. ఒక్కటీ వంగలేదు. వానాకాలంలో తడి ఆకుల్లోనే దొరుకుతుందని, అవి నీళ్లకు రావడం తక్కువని డ్రైవరు చెప్పాడు. తక్కువ రేట్లకు అసలు కారణం అప్పుడర్థమైంది మంజులతకు. ఫర్వాలేదు, ఇంత చూశాం, ఇంకా ఆశపడితే కళ్లు పోతాయి అని తనకు తాను చెప్పుకుంది. సగం నమ్మింది కూడా.

చివరి రోజు పొద్దున వాన వెలిసింది. మట్టిబాటలో బండి చక్రాల గాడులు నీళ్లతో నిండి మెరుస్తున్నాయి. మలుపు తిరిగేసరికి బాట మధ్యలో జిరాఫీ. డ్రైవరు బ్రేకు వేశాడు.

అది వీళ్లను చాలాసేపు చూసింది. తర్వాత ఎడమ కాలు కొంచెం జరిపింది. కుడి కాలు కొంచెం జరిపింది. సరిపోలేదు, ఇంకొంచెం. అలా ఎడంగా చాపి చాపి, చివరికి తలను కిందికి, కిందికి దించి, బండి గాడిలో నిలిచిన వాన నీళ్లకు మూతి ఆనించింది.

బొమ్మలో కాళ్లు తప్పు వేసింది తను. ఇంకా ఎడంగా ఉండాలి.

ముందు సీట్లోంచి బిక్షమ్మ గుసగుసగా అంది. "నాట్లల్ల మేం గిట్లనే నిలవడేటోళ్లం. పాపం, నడుము నొస్తది దానికి."

మంజులతకు కళ్ల ముందు జిరాఫీ మసకబారింది. పాతికేళ్లుగా చాయ్ మూతి దగ్గరికి తెచ్చిచ్చింది తను. ఈసారి తను చూడాలనుకున్నది తన దగ్గరికి తెచ్చిపెట్టారు. చావు డప్పుల డబ్బుతో ఒకరు, గతుకుల సీట్లో కూర్చొని ఒకరు, ఎవరికీ అక్కర్లేని వానేమో నీళ్లను బాట మీదికే తెచ్చి.

"సూసినవా?" వెనకనుంచి రఘుపతి అడిగాడు.

"సూసిన."

డ్రైవరు వాచీ చూసుకొని, ఇక పోదామా అన్నట్టు తాళం చెవి మీద చెయ్యి వేశాడు. రఘుపతి వెనకనుంచి సీట్ల మధ్యగా ముందుకొచ్చి, వంగి, అతని భుజం మీద మెల్లగా తట్టాడు. భాష రాని మనిషికి కూడా అర్థమయ్యేలా అరచెయ్యి చూపించి, తెలుగులోనే చెప్పాడు.

"ఆగు. దాని కడుపు నిండనియ్యి. నిండినంకనే కదులుదాం."