రొట్టెలా తిప్పిన పలక

ఎసెన్‌కుల్‌కు కొండ లోపలికి చూసే కళ్లున్నాయని లోయంతా ఒప్పుకుంది. అందరికన్నా ముందు ఒప్పుకున్నవాడు ఎసెన్‌కులే. ఏడో తరగతిలో బడి మానేసిన మనిషి, పదకొండు వేసవులుగా రాళ్లు చదివేవాళ్ల శిబిరంలో ఉలి పట్టి పలకలు ఊడదీస్తున్నాడు. పట్టాలున్నవాళ్లు కింద నిలబడి అందుకుంటారు. అతని దర్జా అంతా ఆ ఉలిలోనే ఉంది.

పలక ఊడదీయకముందే, పైకి ఏ వైపో సుద్దతో బాణం గీయాలి. అది కళ్లు లేనివాళ్ల కోసం పెట్టిన నియమమని అతని అభిప్రాయం. తాను మాత్రం శిబిరానికి దించాక, తీరిగ్గా గీసేవాడు.

ఈసారి దొరికిన పలకకు ఒక పక్క చేప పొలుసులు, రెండో పక్క ఎండిన బురద నెర్రెల అచ్చు. ఏది కిందో తెలిస్తే చాలు, కోట్ల ఏళ్ల కిందట అక్కడి చెరువులోకి నీళ్లొచ్చాయో, ఉన్న నీళ్లే పోయాయో తేలిపోతుంది. శిబిరం పెద్ద నూర్జమాల్ బాణాన్ని నమ్మింది. కింద చేపలు, పైన నెర్రెలు. చెరువు ఎండిపోయిందని రాసింది. నెర్రెలు పల్లంగా ఉండాలి గానీ ఇలా ఉబ్బి ఉన్నాయేమిటని మూడు రోజులుగా తిండి సహించక తిరుగుతోంది. ఇంకొక్క రోజులో ఆ రాత నగరానికి వెళ్లాలి.

ఆ పొద్దున టీ దగ్గర కొత్త డ్రైవరు రొట్టెను బోర్లా పెట్టాడు. ఎసెన్‌కుల్ చెయ్యి తనంత తానే దాన్ని తిప్పింది. కాల్చేముందు రొట్టె మీద పొడిచిన నగిషీ ఆకాశాన్ని చూడాలి, లేకపోతే పాపం. అమ్మ దెబ్బలతో వంటబట్టిన చదువు అదొక్కటే. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ రోజు పలకనూ ఇలాగే తిప్పాడు.

"ఏంటయ్యా, రొట్టె కరిచిందా?" అంది శిబిరానికి వంట చేసే అతని భార్య తుర్సునాయ్.

చెప్తే ఉలి పోతుంది. చెప్పకపోతే పోయేది చెరువు; అది ఎలాగూ ఇప్పుడు లేదుగా అని, గిన్నెలో టీ అయిపోయేదాకా తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. టీ అయిపోయింది. లేచి నూర్జమాల్ దగ్గరికి వెళ్లాడు.

"చెల్లెమ్మా, బాణం ఇక్కడికొచ్చాక గీశాను. నెర్రెల నగిషీ బాగుందని, అది పైకి వచ్చేలా రొట్టెలాగా తిప్పి పెట్టాను."

"కొండ లోపల కనబడుతుందంటివి కదన్నా?"

"లోపల కనబడుతుంది. చేతిలో ఉన్నదే కనబడలేదు."

ఇద్దరూ పలకను మోసుకుని కొండెక్కారు. నెర్రెల పక్క కిందికి పెట్టగానే, ఉబ్బులన్నీ కింది బురదరాతి పగుళ్లలోకి తాళంలో చెవిలా దిగాయి. ఎండిన నేల మీదికే నీళ్లొచ్చాయి. నూర్జమాల్ తన రాతను నాలుగు ముక్కలు చేసి జేబులో పెట్టుకుంది.

"ఇలా ఇంకెన్ని తిప్పావన్నా?"

ఎసెన్‌కుల్ తన బూట్లకే చెప్పాడు. "అందంగా ఉన్నవన్నీ."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అతనికి. ఉలి ఇటిమ్మని చెయ్యి చాపింది. పదకొండు వేసవుల పలకలనూ ఒక్కొక్కటే పైకి తెచ్చి, దాని చోట్లో పెట్టి చూడాలంది, మోసేది నువ్వేనంది.

ఉలి ఇచ్చేశాడు. వంగి పలకను ఎత్తబోయి, ఆగి, ఏ వైపు పైకని అడిగాడు.